వీసాకును భద్రతానుమతికిని గల భేదము

మా పాఠశాలలో పదవ తరగతి చదువుచుండిన ఒక బాలిక, సాంఘికశాస్త్రపు గంట ముగిసిన పిమ్మట మా బల్లయొద్దకు వచ్చి నిలుచుండెను. "మాస్టారూ, మా అన్నయ్యకు గల్ఫులో పని దొరికిందండి. వీసా కూడా వచ్చిందట. కాని సెక్యూరిటీ క్లియరెన్సు రాలేదని, దానికి వేరే నలభై వేలు కట్టాలని ఏజెంటు అంటున్నాడండి. అమ్మ గొలుసు తాకట్టు పెడతానంటోంది. వీసా వచ్చాక మళ్లీ అదేమిటండి? రెండూ ఒకటి కావా?" అని యడిగెను.

"గొలుసును రెండు రోజులు ఇంట్లోనే ఉండనియ్యమని అమ్మతో చెప్పమ్మా" అని ఆమెను పంపితిమి. మరునాడు తరగతికంతటికిని ఈ విషయమునే పాఠముగా చెప్పితిమి. యానాములోను, దాని చుట్టుపట్ల గోదావరి గ్రామములలోను విదేశములకు పోదలచు యువకులు పెక్కుమంది కలరు. చదువుకై పోవువారు కొందరు, కూలికై పోవువారు కొందరు. కనుక ఆ పాఠము మా పత్రికను చదువువారికందరికిని ఉపయోగపడునని తలచి ఇచట వ్రాయుచున్నాము.

మొదట పాస్‌పోర్టు

వీసాను గూర్చి చెప్పుటకు ముందు పాస్‌పోర్టును గూర్చి తెలియవలెను. పాస్‌పోర్టును ఇచ్చునది మన ప్రభుత్వము. ఇతడు మా దేశపు పౌరుడు, ఇతనికి ఆటంకము లేకుండ దారి యిచ్చి అవసరమైనచో సహాయము చేయుడని, మన ప్రభుత్వము పరదేశపు అధికారులకు వ్రాసి యిచ్చు లేఖవంటిది అది.

1967వ సంవత్సరమున సుప్రీముకోర్టు ఒక తీర్పు చెప్పెను. విదేశయాత్ర చేయు హక్కు రాజ్యాంగములోని 21వ అధికరణము కాపాడు వ్యక్తిస్వేచ్ఛలో భాగమని ఆ తీర్పు సారాంశము. అంతకు ముందు పాస్‌పోర్టు నిచ్చుటయు, మానుటయు అధికారుల చిత్తముపై ఆధారపడి యుండెను. ఆ తీర్పు వెలువడిన సంవత్సరమందే పాస్‌పోర్టుల చట్టము వచ్చినది. మరల 1978వ సంవత్సరమున మేనకాగాంధీ వ్యాజ్యెములో, పాస్‌పోర్టును ప్రభుత్వము స్వాధీనము చేసికొనవలసి వచ్చినను ఆ పద్ధతి న్యాయముగాను, సహేతుకముగాను ఉండవలెనని అదే న్యాయస్థానము చెప్పినది. కావున పాస్‌పోర్టు మన హక్కుతో ముడిపడిన పత్రమని గుర్తుంచుకొందము.

వీసా యన నేమి?

వీసాను ఇచ్చునది మన ప్రభుత్వము కాదు. మనము పోదలచిన దేశపు ప్రభుత్వము. ఇది లాటిన్ భాషనుండి వచ్చిన మాట. "చూడబడినది" అని దీని యర్థము. పరదేశపు అధికారి మన పత్రమును చూచి, చూచితినని ముద్ర వేయుటయే వీసా. నేడు కొన్ని దేశములు ముద్రకు బదులుగా కంప్యూటరు ద్వారా అనుమతి నిచ్చుచున్నవి. రూపము మారినను సారము మారలేదు.

వీసాలలో భేదములు కలవు. చూచి పోవుటకు వచ్చువారికి ఒకటి, చదువుకొనువారికి ఒకటి, పని చేయువారికి ఒకటి. ఎన్ని దినములు ఉండవచ్చునో, ఏ పని చేయవచ్చునో దానిపై నిర్ణయింపబడి యుండును. విహారమునకై వీసా తీసికొని పోయి కూలిపని చేసినచో అది ఆ దేశపు చట్టమును మీరుటయే యగును. వీసా చేతిలో నున్నంత మాత్రమున ప్రవేశము నిశ్చయమని కూడ తలపరాదు. విమానాశ్రయమున నున్న అధికారి తుదిమాట చెప్పును. అమెరికా వారి 1952వ సంవత్సరపు వలసచట్టములో ఈ నియమము స్పష్టముగానే వ్రాయబడి యున్నది.

వీసా పౌరసత్వముపై ఆధారపడునని చెప్పుటకు మన యానాము చరిత్రయే చాలును. యానాము 1954వ సంవత్సరము నవంబరు 1వ తేదీన భారతప్రభుత్వపు పాలనలోనికి వచ్చెను. 1956వ సంవత్సరము మే 28వ తేదీన ఫ్రాన్సుకును భారతదేశమునకును కుదిరిన సంధి, 1962వ సంవత్సరము ఆగస్టు 16వ తేదీన అమలులోనికి వచ్చెను. ఆ సంధి ప్రకారము, కోరినవారు ఫ్రెంచి పౌరసత్వమును నిలుపుకొనుటకు అవకాశము కలిగెను. అట్లు కోరుకొనిన కుటుంబములవారు పుదుచ్చేరి ప్రాంతమున నేటికిని కలరు. ఇద్దరు బంధువులు ఒకే వీధిలో పుట్టి, ఒకే భాష మాటలాడుచుండవచ్చును. వారిలో ఫ్రెంచి పౌరుడైనవాడు పారిసు నగరమునకు పోవుటకు వీసా అక్కరలేదు, భారతపౌరుడైనవానికి కావలెను. ఇరువురి గుణములలో భేదము లేదు. ఏ గడపకు ఎవరు ఇంటివారు, ఎవరు అతిథులు అనునదే భేదము.

భద్రతానుమతి యన నేమి?

ప్రతి ప్రభుత్వమునకును బయటికి పొక్కరాని సంగతులు కొన్ని యుండును. సైన్యపు కదలికలు, రహస్యలిపులు, అణ్వాయుధముల నిర్మాణము, పరదేశములతో జరుగు మంతనములు ఇట్టివి. మన దేశమున ఇట్టి కాగితములను టాప్ సీక్రెట్, సీక్రెట్, కాన్ఫిడెన్షియల్, రెస్ట్రిక్టెడ్ అని నాలుగు తరగతులుగా విభజింతురు. అమెరికాలో మొదటి మూడు తరగతులే కలవు. ఇట్టి రహస్యములను వెల్లడించువారిని శిక్షించుటకు మన దేశమున 1923వ సంవత్సరపు అధికార రహస్యముల చట్టము కలదు.

ఈ కాగితములను చూడవలసిన కొలువులో ఒకని నియమించుటకు ముందు ప్రభుత్వము అతని పూర్వాపరములను విచారించును. అమెరికాలో ఇందులకై సుదీర్ఘమైన ప్రశ్నపత్రమొకటి యున్నది. ఎచ్చటెచ్చట నివసించితివి, ఎవరియొద్ద పని చేసితివి, పరదేశములలో బంధువులున్నారా, అప్పులెన్ని, చట్టముతో చిక్కులు కలిగినవా అని అందులో అడుగుదురు. అప్పుల మాట ఎందుకని మీకు తోచవచ్చును. అప్పులలో మునిగినవాడు ధనాశకు లొంగవచ్చును. దాచవలసిన తప్పు కలవాడు బెదిరింపునకు లొంగవచ్చును. విచారించువారు చూచునది ఈ బలహీనతలనే. విచారణ ముగిసి, ఇతనికి రహస్యము నప్పగింపవచ్చునని ప్రభుత్వము నిర్ణయించుటయే భద్రతానుమతి. ఆంగ్లమున దీనినే సెక్యూరిటీ క్లియరెన్సు అందురు.

ఇందులో మూడు సంగతులు గమనింపదగినవి. ఒకటి: దీనిని ఎవడును తనంతట తాను దరఖాస్తు పెట్టుకొని సంపాదింపలేడు. అట్టి కొలువున్నపుడు, ఆ కొలువు నిచ్చువారే విచారణకు పంపుదురు. రెండు: అనుమతి కలవాడు సైతము అన్ని రహస్యములను చూడజాలడు, తన పనికి కావలసినదానినే చూడవలెను. మూడు: కొలువు పోయిన పిమ్మట, చూచెడి అధికారము పోవును గాని దాచెడి బాధ్యత పోదు.

మన దేశమున ఈ మాటను ఇంకను విశాలముగా వాడుదురు. విమానాశ్రయములలో సేవలు చేయు సంస్థలకును, టెలివిజన్ ప్రసారసంస్థలకును కూడ హోంమంత్రిత్వశాఖవారి భద్రతానుమతి కావలసి యుండును. అచటను ప్రశ్న ఒక్కటే: వీరి నెంతవరకు నమ్మవచ్చును?

రెంటికిని గల భేదము

మన యిండ్ల మర్యాదను బట్టియే దీనిని చెప్పుకొనవచ్చును. పొరుగూరి మనిషిని లోనికి రమ్మని కాళ్లకు నీళ్లిచ్చి, అరుగుపై చాప వేయుట వీసావంటిది. ఇనుపపెట్టె తాళపుచెవి ఒకని చేతికిచ్చుట భద్రతానుమతివంటిది. మొదటిది అతిథికి చేయు మర్యాద. రెండవది సాధారణముగా ఇంటివారిలోనే, అందును ఒకరిద్దరికే ఇచ్చు నమ్మకము. పండుగకు వచ్చిన నూరుగురు చుట్టములకు గడప దాటుటకు అనుమతి యున్నది. పెట్టె తెరచుటకు ఒక్కనికిని లేదు. ఇంటిలోనే పుట్టిన కుమారునికి గడప దాటుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. అయినను తాళపుచెవి అతనికి దొరకక పోవచ్చును.

ఇది నేడు పుట్టిన భేదము కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రములో ఈ రెండును వేరువేరు చోట్ల చెప్పబడినవి. రెండవ అధికరణమున ముద్రాధ్యక్షుడను అధికారి కనబడును. అతడు ఒక మాషకము పుచ్చుకొని ముద్ర నిచ్చును. ముద్ర కలవాడే దేశములోనికి వచ్చుటకును, దేశమునుండి పోవుటకును అర్హుడు. ముద్ర లేనివానికి పండ్రెండు పణముల దండనము. మొదటి అధికరణమున అమాత్యుల పరీక్ష చెప్పబడినది. ధర్మము, ధనము, కామము, భయము అను నాలుగు విధముల ప్రలోభములతో రాజు వారిని రహస్యముగా పరీక్షింపవలెను. ఒక్కొక్క పరీక్షలో నెగ్గినవానికి దానికి తగిన కొలువు. నాల్గింటను నెగ్గినవానికి మంత్రిపదవి. ముద్రకు వెల యున్నది. నమ్మకమునకు వెల లేదు, పరీక్షయే యున్నది.

ఒక శాస్త్రజ్ఞుని కథ

ఈ రెండును వేరని బోధించు చరిత్రలలో చీనాశాస్త్రజ్ఞుడు చియెన్ శ్వేసెన్ కథ ముఖ్యమైనది. ఆయన 1911వ సంవత్సరమున షాంఘై నగరమున జన్మించి, 1935వ సంవత్సరమున విద్యార్థివేతనముతో అమెరికాకు పోయెను. కాలిఫోర్నియా సాంకేతికవిద్యాలయమున థియొడోర్ ఫాన్ కార్మాన్ అను మహాచార్యునికి శిష్యుడై, 1939వ సంవత్సరమున డాక్టరు పట్టము పొందెను. విదేశీయుడుగా గడప దాటుటకు ఆయనకు అనుమతి యుండెను. అది మొదటి వాకిలి.

రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. రాకెట్టుల విద్యలో ఆయనకు గల ప్రజ్ఞను చూచి, ఆయన పరదేశీయుడే యైనను అమెరికా ప్రభుత్వము భద్రతానుమతి నిచ్చెను. 1945వ సంవత్సరమున ఓడిన జర్మనీకి పోయి, అక్కడి రాకెట్టుల నిపుణులను ప్రశ్నించిన అమెరికా బృందములో ఆయనయు ఒకడు. అది రెండవ వాకిలి. 1949వ సంవత్సరమున ఆయన అమెరికా పౌరసత్వమునకు దరఖాస్తు పెట్టుకొనెను.

1950వ సంవత్సరము జూను నెలలో, పూర్వము కమ్యూనిస్టు పార్టీతో సంబంధముండెనను ఆరోపణపై ఆయన భద్రతానుమతిని తొలగించిరి. ఆయన ఆ యారోపణను అంగీకరింపలేదు. పరిశోధన సాగక, స్వదేశమునకు పోదునని ప్రయాణమునకు సిద్ధపడెను. అప్పుడు మొదటి వాకిలియే వెనుకవైపునుండి మూతపడెను. ఆయన సామానులోని గ్రంథములను, కాగితములను అధికారులు పట్టుకొనిరి. సుమారు రెండు వారములు నిర్బంధములో నుంచి, పూచీకత్తుపై విడిచిరి. ఐదు సంవత్సరములు లాస్ ఏంజెలెస్ మండలమును దాటి పోనీయలేదు. ఇంటిలో నమ్మకము లేదనిరి, వెలుపలికిని పోవలదనిరి. తుదకు 1955వ సంవత్సరము సెప్టెంబరులో ఆయన భార్యాపుత్రులతో ఓడనెక్కి చీనాకు చేరెను. పిమ్మట ఆ దేశపు క్షిపణులకును, అంతరిక్షవిద్యకును పునాది వేసినవారిలో ప్రముఖుడయ్యెను. 2009వ సంవత్సరమున మరణించెను.

దీనికి ప్రక్కనే అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్టు ఓపెన్‌హైమర్ కథను ఉంచి చూడుడు. అణుబాంబును నిర్మించిన లాస్ అలమాస్ ప్రయోగశాలకు ఆయనయే అధిపతి. 1954వ సంవత్సరము జూను 29వ తేదీన ఆయన భద్రతానుమతిని అణుశక్తి సంఘమువారు నిరాకరించిరి. ఐనను ఆయన పౌరసత్వము పోలేదు, ప్రిన్‌స్టన్ నగరపు పరిశోధనసంస్థకు అధ్యక్షుడుగనే యుండెను, విదేశయాత్రలు చేసెను, 1960వ సంవత్సరమున జపాను దేశమునకును పోయి వచ్చెను. తాళపుచెవి పోయినది గాని గడప మూతపడలేదు. చియెన్ విషయమున రెండును మూతపడినవి. ఒకటి పోయినంత మాత్రమున రెండవది పోవలెనను నియమము లేదని దీనివలన తెలియును.

నమ్మకము తప్పుటయు కలదు

భద్రతానుమతి కలవాడు తప్పక సత్పురుషుడనియు, లేనివాడు ద్రోహియనియు అనుకొనరాదు. జర్మనీలో పుట్టి బ్రిటిష్ పౌరుడైన క్లాస్ ఫుక్స్, అన్ని విచారణలను దాటి లాస్ అలమాస్‌లో పని చేసెను. ఆ కాలమందే అణురహస్యములను సోవియట్ యూనియనుకు అందించుచుండెను. 1950వ సంవత్సరమున తానే నేరము నొప్పుకొనగా పదునాలుగేండ్ల శిక్ష పడెను. అతనికి తాళపుచెవి యిచ్చిరి. అతడు పెట్టెను దోచెను. ఓపెన్‌హైమరుకు నిరాకరించిరి, 2022వ సంవత్సరము డిసెంబరు 16వ తేదీన, ఆ విచారణ సరిగా జరుగలేదని అమెరికా ఇంధనశాఖవారు 1954వ సంవత్సరపు నిర్ణయమును రద్దు చేసిరి. అప్పటికి ఆయన మరణించి ఏబదియైదేండ్లు గడచినవి.

న్యాయస్థానములు ఈ విషయమున ఏమి చెప్పినవి? భద్రతానుమతి ఎవరికిని హక్కు కాదని 1988వ సంవత్సరమున అమెరికా సుప్రీముకోర్టు చెప్పినది. మన దేశమున 2023వ సంవత్సరము ఏప్రిలులో, ఒక మలయాళ వార్తాప్రసారసంస్థ వ్యాజ్యెములో మన సుప్రీముకోర్టు మరియొక సంగతి చెప్పినది. దేశభద్రత యను మాట ఉచ్చరించినంత మాత్రమున ప్రభుత్వము కారణములను దాచి, ఎదుటివారి వాదము వినకుండ అనుమతిని నిరాకరింపరాదని ఆ తీర్పు. ఈ రెండును కలిపి చదువవలెను. నమ్మకమును బలవంతముగా పుచ్చుకొనలేము. కాని అపనమ్మకమునకు కారణ మడుగవచ్చును.

రెండును కలిసెడి చోటు

వీసా నిచ్చుటకు ముందు కూడ ప్రభుత్వములు భద్రతను గూర్చి విచారించును. ఇచటనే జనులు తికమకపడుదురు. వీసాకై చేయు విచారణ, ఇతడు మా యింటికి వచ్చి కీడు చేయునా యని. భద్రతానుమతికై చేయు విచారణ, ఇతనికి మా రహస్యము నప్పగింపవచ్చునా యని. మొదటి ప్రశ్నకు సమాధానము దొరికినంతనే రెండవదానికి దొరికినట్లు కాదు.

విదేశపు కొలువులకై పోవు మనవారిని అడుగు కాగితము మరియొకటి కలదు. అది పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్టు. ఇతనిపై నేరారోపణలు లేవని తెలుపు పత్రమది. దానిని మన పాస్‌పోర్టు కార్యాలయమువారే, పోలీసువారిచే విచారింపజేసి, స్వల్ప రుసుముపై ఇత్తురు. ఎవని కాగితమునకు వాడే దరఖాస్తు పెట్టుకొనవచ్చును. పేరులో క్లియరెన్సు అను మాట యుండుటచే దీనిని పైదానితో కలిపి, పెద్ద మాటలు చెప్పి, పేదల సొమ్ము కాజేయువారు కలరు. రాళ్లు మోయుటకును, తలుపులు బిగించుటకును, వంట చేయుటకును పోవువానికి ఏ దేశపు రహస్యములతోను పని లేదు. అతనికి ఇనుపపెట్టె తాళముతో పని యేమి?

ఇంకొక సంగతి. 1983వ సంవత్సరపు వలసల చట్టము ప్రకారము, విదేశపు కొలువులకు మనుష్యులను చేర్చు ఏజెంటు ప్రభుత్వమునొద్ద నమోదై యుండవలెను. ఆ పేర్లు ఈ-మైగ్రేట్ అను ప్రభుత్వపు వెబ్‌సైటులో చూడవచ్చును. పేరు లేనివానికి పైకము కట్టరాదు. పేరున్నవానికి కట్టినను రసీదు పుచ్చుకొనవలెను.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు పరదేశములకు పోదురు. కొందరు రక్షణశాఖ ప్రయోగశాలలలోనో, అణుశక్తి కేంద్రములలోనో చేరుదురు. ఏ కాగితము చేతికి వచ్చినను నాలుగు ప్రశ్నలు వేసికొనుడు: దీనిని ఇచ్చువారెవరు? దేనికి ఇచ్చుచున్నారు? ఎంతకాలము చెల్లును? ఇయ్యకున్నచో కారణ మెవరి నడుగవలెను? ఈ నాల్గింటికి సమాధానము తెలిసినవానిని మోసగించుట కష్టము. దరఖాస్తులో ఏది అడిగినను సత్యమే వ్రాయుడు. ఒప్పుకొనిన లోపమును క్షమింతురేమో గాని, దాచిన లోపమును ఏ ప్రభుత్వమును తేలికగా క్షమింపదు.

ఆ బాలిక అన్నగారు వారము దినములలో తానే పాస్‌పోర్టు కార్యాలయమునకు పోయి పోలీసు సర్టిఫికెట్టునకు దరఖాస్తు పెట్టుకొనెను. ఏజెంటు పేరు జాబితాలో లేదని అప్పుడే తెలిసినది. అదివరకే బయానాగా ఇచ్చిన పదివేలు తిరిగి రాలేదు. ఆ సంగతి చెప్పుచు బాలిక కంట తడి పెట్టెను. "గొలుసో?" అని యడిగితిమి. "అమ్మ మెడలోనే ఉందండి" అని చెప్పి, పుస్తకము తెరచి, పైన చెప్పిన నాలుగు ప్రశ్నలను వ్రాసికొనెను.